మొక్కు మధ్యలో వచ్చిన తీర్పు

కారు రేసుల పిచ్చి మొదట మా ఆయనది. పెళ్లయ్యాక నాకూ అంటుకుంది. మా అత్తకి మాత్రం రేసుల గురించి తెలిసింది ఒక్క ప్రశ్నే. రేసు అయిపోయిందని టీవీ గోలను బట్టి కనిపెట్టి వంటింట్లోంచి అడిగేది: "మనోడు గెలిసినాడేట్రా?"

"నేదమ్మా" అనేవాడు మా ఆయన. ఏళ్ల తరబడి ఇదే మాట.

మనోడంటే మాకు చుట్టమేం కాదు. ఏదో దేశం కుర్రాడు, చిన్న జట్టులో కారు నడుపుతాడు. మా ఆయనకి అరసవల్లి రోడ్డులో మోటారు సైకిళ్ల రిపేరు షాపు. డొక్కు బండిని కూడా పరిగెత్తించేవాడంటే ఆయనకు ప్రాణం. ఒక్కసారి వాడు మొదటి స్థానంలో వస్తే చాలు, సూర్యనారాయణస్వామికి తలనీలాలిస్తానని మొక్కుకున్నాడు. నాకు నవ్వాగలేదు.

"నవ్వకే. రేసు ఆదోరం, ఆయన వారమూ ఆదోరమే. ఆయన కాపోతే ఇంకెవులు సూస్తారు మనోడ్ని?" అన్నాడు.

తూర్పు దేశాల్లో జరిగే రేసులు మనకు పొద్దుటిపూట పడతాయి. కిందటేడు అలాంటి ఓ ఆదివారం అక్కడ వాన కురిసింది. పెద్ద జట్ల కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుని పక్కకి పోయాయి. మనోడు ముందుకొచ్చేశాడు. చివరి రౌండంతా మా ఆయన నా చెయ్యి వదల్లేదు, గోళ్లు దిగబడిపోయాయి. వాడు గీత దాటగానే ఈయన కుర్చీ తన్నేసి లేచి "గెలిసినాడమ్మా" అని వేసిన కేకకి పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు. మా అత్త పిండి చేతులతోనే బయటికొచ్చి, కొడుకు మొహం చూసి ఏడ్చేసింది. ఆమెకి రేసు గురించి ఏం తెలుసు గనక.

మొక్కు వాయిదా వెయ్యకూడదని ఆమె పట్టు పట్టింది. గుడి మూసేలోగా అందుకోవాలని ఉరుకులు పరుగుల మీద వెళ్లాం. మంగలి నీళ్లు చల్లి కత్తి పెట్టాడు. నేను పక్కన నిలబడి, మనోడు కప్పు ఎత్తుతున్న ఫోటోలు ఫోన్లో చూసుకుంటున్నాను. సగం తల నున్నగా అయ్యేసరికి వార్త వచ్చింది. ముందు ప్రమాదం ఉంది, నెమ్మదించమని పసుపు జెండా ఊపిన చోట మనోడు వేగం తగ్గించలేదట. శిక్షగా అధికారులు వాడి సమయానికి సెకన్లు కలిపారు. గెలుపు ఇంకొకడికి పోయింది.

చెప్పనా మాననా అని నేను నీళ్లు నములుతుండగానే ఆయన నా మొహం చూసి కనిపెట్టేశాడు. "ఏటే?" అన్నాడు. చెప్పాను. అది విని మంగలి చెయ్యి ఆపాడు. ఆపి ఏం లాభం, సగం గుండుతో ఎవరు తిరుగుతారు? "కానీ బాబూ" అని తల వంచాడు మా ఆయన.

నాకు ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ మండుతూనే ఉంది. అంతకుముందు రేసులో పెద్ద జట్టువాడొకడు ఇదే తప్పు చేస్తే మందలించి వదిలేశారు. అదే జెండా, అదే నియమం. ఎవడి కారు మీద ఏ రంగుందో చూసి న్యాయం చెప్తారు కాబోలు. పోనీ, రేసు జరుగుతుండగా చెప్పి చావొచ్చు కదా. కప్పు చేతిలో పెట్టి, పాట వాయించి, అందరిచేతా చప్పట్లు కొట్టించి, ఆ తర్వాత గదిలో తలుపులేసుకుని కూర్చుంటారు. ఎందుకిలా అని అడిగితే పలికే నాథుడుండడు. మాలాంటివాళ్లు చూడబట్టే వాళ్లకి ఆ కుర్చీలు. అయినా మేమంటే వాళ్లకి పూచికపుల్లతో సమానం.

ఆ తర్వాత షాపుకొచ్చిన ప్రతివాడూ "ఏటి మొక్కు?" అని అడిగేవాడే. ఈయన మొదట్లో ఉన్నదున్నట్టు చెప్పాడు. పగలబడి నవ్వారు. దాంతో "ఏదో ఉందినే" అని మాట దాటేయడం మొదలెట్టాడు. ఒకరోజు అన్నం దగ్గర ఉన్నట్టుండి, "దేముడు ఇచ్చినాడు. ఈళ్లు లాగీసుకున్నారు. దేముడికన్నా పెద్దోళ్లేటే ఈళ్లు?" అన్నాడు.

"ఒగ్గీరా. నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు కదా" అంది మా అత్త మజ్జిగ పోస్తూ. ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు.

జుట్టు మళ్లీ మొలిచింది. ఈ ఏడు ఒక రేసులో మనోడు మళ్లీ అందరికన్నా ముందు గీత దాటాడు. వాన సాయం లేదు, ఎర్రటి ఎండలో ఒక్కొక్కణ్ణే దాటుకుంటూ వచ్చాడు. నేను లేచి చప్పట్లు కొట్టబోయి ఆయన వైపు చూశాను. కదల్లేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని టీవీ వైపే చూస్తున్నాడు. ఆ ఒక్క కేక కోసమే కదా ఇన్ని ఆదివారాలు కూర్చున్నాం. దాన్ని కూడా పట్టుకుపోయారు, వాళ్ల మొహం మండ.

టీవీలో మనోడు కప్పు ఎత్తాడు. పాట మొదలైంది. వంటింట్లోంచి మా అత్త గొంతు వినబడింది.

"మనోడు గెలిసినాడేట్రా?"

"తెల్దమ్మా" అన్నాడు మా ఆయన. "ఇంకా సెప్పనేదు."