కన్నమ్మ తగిలించిన ఎర్ర ట్యాగులు

ఉక్కు ప్లాంటున్న మా హిందీ ఊళ్లో, సుపేలా బజారులో పబ్లిక్ బాత్రూముల దగ్గర కాపలా ఉండే కన్నమ్మకు ఒక జబ్బుంది. ఎవరైనా భయమంటే, ఆ భయం ఎక్కడుందో చూసేదాకా ఆమెకు ముద్ద దిగదు. రిటైరయ్యాక నాకూ అదే జబ్బు పట్టుకుంది కాబట్టి మా ఇద్దరికీ బాగా కుదిరింది.

కిందటేడు వానలకు ఆడవాళ్ల వైపు మురుగు పైపు కుంగిపోయింది. రేపు బాగుచేస్తాం, ఎల్లుండి బాగుచేస్తాం అంటూ కార్పొరేషన్‌వాళ్లు ఏడాది గడిపేశారు. బజారులో కొట్లు పెట్టుకున్న ఆడవాళ్లంతా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకోవలసిందే. పదహారేళ్లు ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్లి, అలా బిగబట్టుకునే ఆరోగ్యం పాడుచేసుకున్న మనిషి కన్నమ్మ. ఆమెకు కడుపు మండింది. ఎవర్నీ అడక్కుండా 'పురుషులు' అన్న బోర్డు పీకేసి, అటువైపున్న రెండు గదులూ అందరికీ అనేసింది.

బజారంతా గగ్గోలు. అందరికంటే ముందు గాజుల కొట్టు హైమవతి కార్పొరేషన్‌కు ఫిర్యాదు రాసి, ఆ సంగతి కన్నమ్మ మొహం మీదే చెప్పింది.

"ఆడా మగా ఒకే గదేటి అత్తా? రేపేటైనా అయితే జిమ్మేదారీ ఎవులది?"

కన్నమ్మకు కోపం రాలేదు. ఆసక్తి పుట్టింది.

"నీ బయం, నీ డర్ ఏటో సరిగ్గా సెప్పు. నీకన్నా ముందు ఎల్లొచ్చినోడంటే డరా, నువ్వు లోపలుంటే బయటున్నోడంటే డరా?"

హైమవతి తలుపు వైపు చూసింది. "బయటున్నోడే. తలుపు తోసేత్తే?"

టీ కొట్టు దగ్గర ఆడవాళ్ల భద్రత గురించి గంటలకొద్దీ వాదించిన నాకు ఈ ప్రశ్న ఒక్కనాడూ తట్టలేదు. సిగ్గేసింది.

మర్నాడు కన్నమ్మ రెండు తలుపులకూ కొత్త గడియలు బిగించి, రెండు ఎర్ర ట్యాగులు తెచ్చింది. ప్లాంటులో మెషిన్ బాగుచేయడానికి దిగేవాడు దాని స్విచ్చికి అలాంటి ట్యాగు తగిలిస్తాడు. తగిలించినవాడు తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే లోపలి మనిషి ప్రాణం పోతుంది. లోపలికెళ్లేవాళ్లు ట్యాగు తలుపుకు తగిలించి వెళ్లాలి, ఇక్కడా అదే రూలంది కన్నమ్మ.

అట్టముక్క చూసి ఎవడాగుతాడని నవ్వుకుంటూ, ఎదురు బెంచీ మీద ఒక పూటంతా కూర్చున్నాను. బట్టల వ్యాపారి ఒకడు హడావిడిగా వచ్చి ట్యాగు లాగబోయాడు. వెనకాల వరసలో ఉన్న ప్లాంటు మనిషి చటుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టుకోకు భయ్యా! లోపల మనిషున్నారు."

ఆడా మగా అని అతను అడగలేదు. కాసేపటికి ట్రాన్స్‌జెండర్ రోహిణి బయటికొచ్చి తన ట్యాగు తాను తీసుకుంది. వెనకటి రోజుల్లో ఆమెను రెండువైపుల నుంచీ తరిమేవారు. నా నవ్వు ఆగిపోయింది.

శుక్రవారం కార్పొరేషన్ అధికారి వచ్చాడు. మాలాగే విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగు మనిషే. ఒక చేతిలో ఫిర్యాదు, ఇంకో చేతిలో తాళం. హైమవతిని పిలిపించాడు.

"భయమని మీరే రాశారు కదమ్మా, మూసేయమంటారా?"

కన్నమ్మ మొహం పాలిపోయింది. హైమవతి ఆమె వైపు చూడలేదు.

"రాసింది నానే సాబ్. డర్ ఇప్పుడూ ఉంది. నిన్న మొదటిపాలి ఎల్లాను, లోపలున్నంతసేపూ కాళ్లొణికినాయి. ఏడాది బట్టీ బిగబట్టుకుని కూకున్నాం, అప్పుడు మా డర్ ఎవులడిగినారు? తాళం పట్టుకెల్లిపోండి."