ఇంజను నీళ్లు, చేతి పిండి

ఆలూరు దగ్గరి పల్లెలో పుల్లన్న బావికి ఆయిలింజను వచ్చిన ఏడాది ఊరంతా ఆయన అదృష్టం గురించే మాట్లాడుకుంది. అంతకుముందు కపిల తోలి నీళ్లు తోడుతూ, ఎద్దుల వెంట ముందుకూ వెనక్కూ నడిచి నడిచి ఆయన కాళ్లు పీకేవి. ఇప్పుడు ఇంజను తిప్పేసి గట్టు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. అది చూసి భార్య ఈరక్క కూడా సంతోషించింది. మొగుడి ఒళ్లు సుఖపడితే ఏ ఆడది కాదంటుంది?

అయితే నీళ్లతో పాటు ఎర్రగడ్డల తోట, అంటే ఉల్లితోట, పెరిగింది, తోటతో పాటు కూలీలు పెరిగారు. కూలీలకు మధ్యాహ్నం జొన్నరొట్టెలు పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఆ రొట్టెలకు పిండి ఇంజను విసరదు కదా! అత్త బతికున్నప్పుడు విసుర్రాయికి ఎదురుగా కూర్చునేది. ఆమె పోయాక ఈరక్క ఒక్కతే విసిరి విసిరి, కుడి రెట్ట పైకి లేవకుండా అయిపోయింది. గతిలేక నాలుగో తరగతి చదివే కూతురు హంపమ్మను రాయి దగ్గర కూర్చోబెట్టుకుంది. విసరడం ముగిసేసరికి బడి గంట ఎప్పుడో కొట్టేసేవాళ్లు. పిల్ల బడికి పోవడమే తగ్గిపోయింది. ఈరక్కకు అక్షరం రాదు, కూతురికైనా రావాలని ఆమె పట్టుదల.

"ఆలూర్లో పిండి మిషను పెట్టినారంట. సంతకు బండి ఎట్లాగూ పోతాంది గదా, జొన్నలు ఏసుకొని పో," అని మొగుణ్ణి అడిగింది.

"మిషను పిండి ఉడుకెక్కుతాది. రొట్టె రుచుండదు. నేను తినను."

"ఇంజను నీళ్లు తాగుతాండావే, వాటికి రుచి పోలేదా?"

పుల్లన్న నవ్వి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. మగవాడి చాకిరీ తగ్గించే యంత్రం తెలివి, ఆడదాని చాకిరీ తగ్గించేది సోమరితనం! ఈ న్యాయం ఏ మహానుభావుడు చెప్పాడో గానీ, తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మర్నాడు తొలికోడి కూయగానే ఈరక్క కూతుర్ని లేపలేదు. మొగుణ్ణి లేపింది.

"రాయికి ఇంగో మనిషి కావల్ల. పిల్ల బడికి పోవల్ల. నువ్వు కూసో."

ఆ ఊళ్లో మగవాడు విసుర్రాయి పిడి పట్టడం ఎవరూ చూడలేదు.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అన్నాడు పుల్లన్న.

"కూలోళ్లకు రొట్టెలు వద్దంటే చెప్పు, నేనూ పండుకుంటా."

పుల్లన్న లేచి ముందు తలుపు గడియ వేశాడు, ఆ తరువాతే కూర్చున్నాడు. బలం చూపించాలని గుప్పిళ్లకొద్దీ జొన్నలు పోసేశాడు. పిండికి బదులు నూక రాలింది. ఈరక్క దాన్నే మళ్లీ పోయించింది. కాసేపటికి ఆయన రెట్ట పట్టుకున్నాడు. తెల్లవారాక మిషనుకని జొన్న బస్తా బండికెత్తాడు. ఆ రోజు హంపమ్మ గంటకు ముందే బడిలో ఉంది.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! నెల తిరక్కముందే పుల్లన్న కలుపుకు వచ్చే ఆడకూలీని ఒకామెను మాన్పించాడు.

"ఇసిరే పని ల్యాకపాయె. పొద్దంతా ఇంట్లో ఏం చేస్తావు? కలుపుకు రా," అన్నాడు భార్యతో.

మిషను మిగిల్చిన పొద్దు తనదేనని ఈరక్క అనుకుంది. అది కూడా మొగుడిదే అయింది. రెట్ట నొప్పి ఇంకా తగ్గనే లేదు.

"హంపమ్మను గూడా తోడుకొని రా. ఇద్దరైతే జల్దీ అయిపోతాది," అన్నాడు పుల్లన్న మళ్లీ.

ఈరక్క కొడవలి చేతికి తీసుకుంది.

"నేను వస్తా. రెట్ట ఇరిగినా వస్తా. పిల్ల బడికి పోతాది. ఆ మాట ఇంగ ఎత్తొద్దు," అంటూ ఆయన కంటే ముందే గడప దాటింది.