అడుగు గిన్నె

నాకు అనుమానం ఎక్కువ. కొట్లో తూకం వేయించి తెచ్చిన బెల్లాన్ని ఇంట్లో మళ్లీ తూస్తాను. మందుల షాపువాడు ఇచ్చిన మాత్రలు అక్కడే లెక్కపెడతాను. హిందూపురంలో నా స్టీలు సామాన్ల అంగడి ఇన్నేళ్లుగా నడుస్తోందంటే ఈ గుణం వల్లేనని నా నమ్మకం. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది.

అలాంటి నేను ధర్మవరంలో ఒక పట్టుచీరల బ్రోకరును నమ్మాను. ఊరికే నమ్మలేదు, వాళ్ల వీధి టీకొట్టులో కూర్చుని మరీ ఆరా తీశాను. ఫోన్లో ఏదో ట్రేడింగ్ అన్నాడు. పదివేలు ఇచ్చాను. రెండు నెలలు ఠంచనుగా వెయ్యి చొప్పున తెచ్చి చేతిలో పెట్టాడు. మూడో నెల, "అన్నా, రెండు లక్షలు పెట్టు, రేటు డబుల్. అదీ ఈ శుక్రవారం దాకానే" అన్నాడు. నా దగ్గర సరిగ్గా రెండు లక్షలే ఉన్నాయి. అంగడి గదిని ఓనరు అమ్ముతానంటే, మేమే కొనుక్కుందామని అడ్వాన్సు కోసం కూడబెట్టినవి. అవి పోతే గది పోతుంది, గదితో పాటు అంగడీ పోతుంది. అయినా మా ఆవిడకు ఒక్క ముక్క చెప్పలేదు. ధర్మవరంలో తెలిసినవాళ్లను పలకరించి వస్తామన్నాను.

శుక్రవారం పొద్దున నాలుగు గిన్నెల పెద్ద క్యారియర్ తీసి, అడుగు గిన్నెలో నోట్ల కట్టలు నేనే సర్దాను. పైగిన్నెల్లో మా ఆవిడ బొరుగుల ఉగ్గాని పెట్టింది. క్యారియర్ పట్టుకున్న ఆడపిల్లను ఏ దొంగా చూడడని, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయిని వెంట తీసుకుపోయాను.

ప్యాసింజర్ కదిలిందో లేదో, అమ్మాయి ఫోన్లో ఆట మొదలుపెట్టింది. ఊరు కట్టే ఆట. ఇళ్లు, బజార్లు, మిలమిల మెరిసే నాణేలు. నాలో ఎప్పటి అనుమానమే లేచింది.

"దీనికెంత తగలేసినావు?"

"ఏమీ లేదు నాయనా."

"ఊరికే ఆడనిస్తారా యాడన్నా? నేను చూడు, కూర్చున్నచోట నెలకు వెయ్యి సంపాదిస్తాండా. నీ చేతిలో క్యారియర్ ఎందుకంత బరువుండాదో తెలుసా?" అని గొప్పగా, చెవిలో మొత్తం చెప్పేశాను.

అమ్మాయి ఆట ఆపింది. క్యారియర్‌ను ఒళ్లోకి లాక్కుంది.

"ఆ బ్రోకరు నీకిచ్చిన రెండు వేలు ఎవురివి నాయనా?"

"ఆయప్పవే. ఇంకెవురివి?"

"నీ పదివేలల్లోంచి తీసి నీకే ఇచ్చినాడేమో? ఈ ఆటలో గూడా అంతే. మొదటి లెవెల్లో ఎవురూ ఓడిపోరు. ఊరికే నాణేలిస్తారు. మనం ఊరు పెద్దది చేసుకుంటాం, ఆశ పుడతాది. అప్పుడు ఇంకా రెండు గంటలే ఆఫర్ అని గడియారం తిప్పుతారు. గడియారం కనపడితే నేను ఫోన్ పక్కన పడేస్తా."

"నోరు ముయ్యి. అది ఆట, ఆయన మనిషి!" అని అరిచాను. ఎదుటి సీట్లో ముసలావిడ తలతిప్పి చూసింది. కానీ శుక్రవారం దాకానే అన్న మాట చెవిలో గింగురుమంటూనే ఉంది. ఊరంతటినీ అనుమానించే నేను, ఆ వెయ్యి ఎక్కడిదని ఒక్కసారైనా అడిగానా?

పెనుకొండలో బండి ఆగింది. "పదివేలు వెనక్కి ఇమ్మని అడుగు నాయనా, చాలు" అంది. బ్రోకరుకు ఫోన్ చేసి అడిగాను.

"అది లాక్‌లో ఉండాదన్నా," అన్నాడు తేనెలాంటి గొంతుతో. "ఇంకో యాభై వేలు పెడితే ఓపెన్ అవుతాది. వస్తాండావు గదా? నాలుగింటికి క్లోజ్."

ఫోన్ పెట్టేసి, అమ్మాయి చెయ్యి పట్టుకుని గబగబా దిగేశాను. మా వెనకే బండి ధర్మవరం వైపు వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉగ్గాని తిన్నాం. వాడు నిజంగా దొంగేనో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. నా పదివేలు మాత్రం ఈ రోజు వరకు రాలేదు.

తిరుగు బండిలో అమ్మాయి కిటికీ వైపు చూస్తూ మెల్లగా అంది: "నాయనా, నీకు అబద్ధం చెప్పినా. ఒకసారి ఎనభై తొమ్మిది రూపాయలు పెట్టినా. ఇంటర్లో. ఆఫర్ అయిపోతాదని. మళ్లా రెండు దినాలు ఏడ్చినా."

నా అనుమానం నిజమే అయిందన్నమాట. సంతోషం మాత్రం రవ్వంత కూడా కలగలేదు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"తిడతావని."

నేనూ మా ఆవిడకు సరిగ్గా అందుకే చెప్పలేదు. సిగ్గుతో తల దించుకున్నాను. హిందూపురం వచ్చేదాకా ఎత్తలేదు.

ఇల్లు చేరగానే మా ఆవిడ క్యారియర్ అందుకుని కడగడానికి కొళాయి దగ్గరికి నడిచింది. "ఇంత బరువుండాదేంది, తినలేదా?" అంటూ పైగిన్నెలు ఒక్కొక్కటే తీసింది. అమ్మాయి నా వైపు చూసింది.

"అడుగు గిన్నె తడపొద్దు," అన్నాను. "తీసుకోనొచ్చి ఈడ కూర్చో. నువ్వు తిట్టాల్సింది చానా ఉండాది."