మరమరాల డబ్బా మోత

నిబారన్ సాపుయికి యాభై ఏడేళ్లు. ఈ యాభై ఏడేళ్లలో అతను మొదలుపెట్టిన మాటను చివరిదాకా విన్నవాడు హౌరా మొత్తంలో ఒక్కడూ లేడు. టీ కొట్టు బెంచీ మీద "నేననేదేమిటంటే" అని గొంతు సవరించుకునేసరికి ఎవరో ఒకరు చేపల ధరలెత్తుకుంటారు. ఇంట్లో భార్య షెఫాలీ కూడా తన మాట వినదని అతని బాధ. ఆవిడ మాట తనెప్పుడైనా విన్నాడా అంటే, ఆ సంగతి అతనికింకా తోచలేదు.

పాడైన కంప్యూటర్లు విప్పి రాగి వేరు, ఇనుము వేరు చేయడం అతని పని. ఒకనాడు చచ్చిన హార్డ్ డిస్కు మూత ఊడదీసి, లోపల పళ్లెం మీద కదిలే చిన్న చేయిలాంటి కడ్డీ తీగచుట్టకు రేడియో స్పీకరు తీగలు తగిలించి చూశాడు. ఆ చేయి వణికింది. వణుకుతూ పాడింది. ఆ రోజు నుంచి నిబారన్ మనుషుల్లో లేడు. ఎనిమిది డిస్కులు ఒక కంప్యూటర్ పెట్టెలో బిగించి, దానికి 'సెట్టు' అని నామకరణం చేశాడు.

పాట వచ్చేది, అబద్ధం చెప్పకూడదు. కాకపోతే దోమ పాడినట్టు వచ్చేది. వీధివాళ్లు వంగి, చెవి ఆనించి, "బాగుంది దాదా, నాజూగ్గా ఉంది" అని లేచి పోయేవారు. అతనికి కావలసింది నాజూకు కాదు. జన్మకొక్కసారి తన సెట్టు మోత సందు చివర మిఠాయి కొట్టుదాకా వినబడాలి.

విశ్వకర్మ పూజ వారం ఉందనగా బ్యాటరీ రిక్షాల స్టాండు సెక్రటరీ పల్టూ హాల్దార్ ఇంటికొచ్చాడు. ఏటా పదహారు పెద్ద స్పీకరు బాక్సులు పెట్టి సందులో కిటికీలన్నీ గడగడలాడించే మహానుభావుడు.

"దాదా, ఈసారి ఠాణావాళ్లు మోత కొలిచే మీటరు పట్టుకొస్తారట. అరవై అయిదు డెసిబెల్స్ దాటితే పూజ బంద్. అందుకే నీ సెట్టే పెట్టాలనుకున్నాం. ఇంత కళాకారుణ్ణి ఇక్కడ పెట్టుకుని ఊరంతా వెతకడం దేనికి, చెప్పు."

నిబారన్ గాల్లో తేలిపోయాడు. రెండు రోజులు సెట్టును తుడిచిందే తుడిచాడు. మూడో రోజు టీ కొట్టు వెనక చేతులు కడుక్కుంటుంటే పల్టూ గొంతు వినబడింది.

"ఆ దోమల పెట్టె ఎవడికి వినబడుద్దిరా? మేజోబాబు వచ్చి మీటరు చూసుకుని పోతాడు. పోగానే టార్పాలిన్ ఎత్తేస్తాం. పదహారూ దాని వెనకే ఉంటాయి."

మేజోబాబంటే ఠాణాలో రెండో అధికారి. నిబారన్‌కు కడుపు మండింది. పోలీసుల్ని మోసం చేస్తున్నారని కాదు, చేసుకోనీ. తన సెట్టు ఎవరికీ వినబడదన్న ధీమాతోనే దాన్ని ఎంచుకున్నారు. ఆ మాట మింగుడుపడలేదు.

ఇంటికొచ్చేసరికి షెఫాలీ మరమరాలు తీస్తోంది. గిన్నె తగిలి పెద్ద రేకు డబ్బా ఖంగుమంది. నిబారన్ ఆ డబ్బా వంక చూసిన చూపు, పెళ్లిచూపులనాడు ఆవిడ వంక కూడా చూసి ఉండడు.

"ఏమండీ, నా డబ్బా కనబడట్లేదు" అని మర్నాడు పొద్దున ఆవిడ అడిగింది. మధ్యాహ్నం అడిగింది. మొత్తం నాలుగుసార్లు అడిగింది. అతను డిస్కుల చేతులను డబ్బా రేకుకు జిగురుతో అంటించే పనిలో ఉన్నాడు.

పూజనాడు ఆకాశం నిండా గాలిపటాలు. మధ్యాహ్నం మేజోబాబు మీటరుతో దిగాడు.

"మా సెట్టు వినండి సార్, చంటిపిల్లకైనా నిద్ర చెడదు" అన్నాడు పల్టూ.

నిబారన్ మీట నొక్కాడు. పూజల్లో మోగించే ఢాక్ డోలు రికార్డు మొదలైంది. మరమరాల డబ్బా గొంతెత్తింది. పూజారి చేతిలో గంట జారింది. సందు చివర మిఠాయి కొట్టాయన పాకం గరిటెతో సహా బయటికొచ్చి నిలబడ్డాడు. మీటరు ఎనభై నాలుగు దగ్గర ఆగింది.

మేజోబాబు అటూ ఇటూ చూసి టార్పాలిన్ ఎత్తించాడు. "ఓహో, మోత వీటిదన్నమాట."

"వాటికి కరెంటే ఇవ్వలేదు సార్" అని పల్టూ లబలబలాడాడు. "అంతా ఈ ముసలాయన చేసిందే."

"మరమరాల డబ్బా ఎనభై నాలుగు మోగిందా? నేనేమన్నా వెర్రిబాగులవాడిలా కనబడుతున్నానా?" మేజోబాబు నిబారన్ భుజం తట్టాడు. "పెద్దాయనా, వీళ్లు నీ నెత్తిన రుద్దుతున్నారు. నువ్వేం భయపడకు. ఇంటికి పో."

నిర్దోషి అన్న మాటకు నిబారన్ ప్రాణం ఉసూరుమంది. పరుగున పోయి సెట్టు ఆపాడు, మళ్లీ మోగించాడు, మళ్లీ ఆపాడు.

"బాబూ, నేననేదేమిటంటే..."

మేజోబాబు నోరెళ్లబెట్టి, కాగితం తీసి, "చెప్పు" అన్నాడు. నిబారన్ పావుగంట చెప్పాడు. ఎవరూ చేపల ఊసెత్తలేదు. చెప్పిందల్లా మేజోబాబు రాసుకున్నాడు.

బాక్సులతోపాటు సెట్టూ ఠాణాకు పోయింది. నిబారన్‌కు మిగిలింది నోటీసు ఒక్కటే. దాన్ని వీధిగదిలో దేవుడి పటం పక్కన గోడకు అంటించాడు.

"డబ్బా ఎవరిదో రాయించలేదేం?" అంది షెఫాలీ. నిబారన్ కాగితం మూలలు ఊడకుండా ఒక్కొక్కటే నొక్కుతున్నాడు.

మర్నాడు టీ కొట్టు జనాన్నంతా వెంటబెట్టుకొచ్చి, నోటీసు ముందు నిలబడి, గొంతు సవరించుకుని చదివాడు.

"శబ్దానికి కారణం, ఎనిమిది చెడిపోయిన హార్డ్ డిస్కులు, ఒక రేకు డబ్బా. తీవ్రత, ఎనభై నాలుగు. తయారుచేసినవాడు, నిబారన్ సాపుయి. డబ్బా నాది, నాలుగుసార్లు అడిగాను, ఇట్లు షెఫాలీ సాపుయి."

ఆ చివరి వరుస పెన్సిలుతో ఉంది. అదే ఊపులో అదీ చదివేశాకగానీ అతనికి తెలియలేదు. జనం మాత్రం మొదటినుంచి చివరిదాకా విన్నారు.