రేగుపండ్లని చెప్పాను

మొన్న హైడెల్‌బర్గ్‌లో మా బాబును పసిపిల్లల బడి కిటాకు తీసుకెళ్తుంటే దారిలో ఎవరో సూదుల్లాంటి ఆకులుండే ఐబె చెట్ల కంచె కత్తిరిస్తున్నారు. ఆ పచ్చి ఆకు వాసన ముక్కుకు తగలగానే, ఎందుకు పట్టుకున్నానో నాకే తెలిసేలోపు, వాడి చేయి గట్టిగా పట్టుకున్నాను.

నాకు ఎనిమిదేళ్లు, చెల్లి చిన్నికి నాలుగేళ్లు ఉన్నప్పుడు మేము డ్రెస్డెన్‌లో ఉండేవాళ్లం. పెరటి చుట్టూ నాన్న ఎత్తున ఐబె కంచె. చలి మొదలయ్యే రోజుల్లో ఆ నల్లటి పచ్చదనం నిండా చిన్న చిన్న ఎర్రటి పండ్లు కాసేవి. కింది అంతస్తులో ఉండే క్రౌజె తాత ఒకప్పుడు వడ్రంగి. ఆ కర్ర ఎంత వంచినా విరగదని మాకు చిన్న విల్లు చేసిచ్చాడు. ఎండాకాలంలో చేతులకు తొడుగులు వేసుకుని లేత కొమ్మలు కత్తిరించి సంచుల్లో నింపేవాడు; వాటితో క్యాన్సర్ మందు చేస్తారని, అలాంటి మందే తన భార్యను నాలుగేళ్లు బతికించిందని చెప్పేవాడు. పండ్ల జోలికి మాత్రం పోవద్దనేవాడు. ఆ మాట నాకు అర్థమయింది. చిన్నికి అప్పటికింకా జర్మన్ రాదు.

బతుకమ్మ రోజులు. తంగేడు లేదు, గునుగు లేదు. అంగట్లో దొరికిన బంతి, చామంతి పూలతో అమ్మ వంటింట్లో బతుకమ్మ పేరుస్తోంది. వేయించిన నువ్వులు, బెల్లం వాసన మెట్ల దాకా వస్తోంది. పెరట్లో మేమిద్దరం పళ్లెంలో ఐబె కొమ్మలు పరిచి మా బతుకమ్మ చేసుకున్నాం. చిన్ని ఎర్రపండు చూపించి ఏమిటని అడిగింది. రేగుపండ్లని చెప్పి, ఒక్కొక్కటీ కోసి దాని నోట్లో పెట్టాను.

క్రౌజె తాత కిటికీలోంచి చూసి ఊతకర్ర కూడా లేకుండా వచ్చాడు. చిన్ని నోట్లో వేలు పెట్టి వెతికాడు. పండు కాదు, గింజ విషం, కొరికిందా, ఎన్ని తిన్నదని అడుగుతున్నాడు. కేకలు విని వచ్చిన అమ్మకు అవన్నీ నేనే తెలుగులో చెప్పాలి.

"ఎన్ని తిన్నది?" అంది అమ్మ.

"రెండే."

గడ్డిలో చిన్ని ఉమ్మిన రెండు గింజలు దొరికాయి. అమ్మ ఊపిరి పీల్చుకుంది. నేను అమ్మ చెయ్యి పట్టి లాగాను.

"ఐదు పెట్టిన అమ్మా," అన్నాను.

అమ్మ నన్ను కొట్టలేదు. "ఇది ముందుగాల తాతకు చెప్పు," అంది.

ఆసుపత్రిలో చిన్ని ఛాతీకి తీగలు అతికించి, గుండె ఎలా కొట్టుకుంటుందో మర్నాటి దాకా చూశారు. మిగతా మూడూ కొరకకుండా మింగినట్టుంది, ఏమీ కాలేదు. నేను మాత్రం ఆ తెరమీద గీత కిందికి దిగినప్పుడల్లా మళ్లీ పైకి లేచేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.

ఆ చలికాలమే ఇంటి యాజమాన్యం కంచె పీకించేసింది. తన భార్య వాడినలాంటి మందుకు కొమ్మలిచ్చిన కంచె పోతుంటే క్రౌజె తాత తలుపు తీయలేదు. ఇప్పుడాయన లేడు. ఆ పెరట్లో సైకిళ్ల షెడ్డు ఉంది. అమ్మ మళ్లీ ఎప్పుడూ ఇంట్లో బతుకమ్మ పేర్చలేదు. తెలుగువాళ్లంతా కలిసి బతుకమ్మ ఆడే హాలుకే వెళ్లేది.

నిన్న చిన్నికి ఫోన్ చేసి మొదటిసారి అంతా చెప్పాను. దానికి ఆసుపత్రి కూడా గుర్తు లేదు. నవ్వి, "తియ్యగుండెనా అక్కా?" అంది.

నేను ఒక్కటి కూడా తినలేదు. తినొచ్చో లేదో చూద్దామనే ముందు దాని నోట్లో పెట్టాను.