యారాలి కాలు, అత్త చెయ్యి

మాది వికారాబాద్‌కూ మోమిన్‌పేటకూ నడుమ ఉన్న పల్లె. గొర్రెలే మా బతుకు. డెబ్బైలలో మా మరిదికి తాండూరు పిల్లతో పెళ్ళయింది. బండల గనిలో పనిచేసే వాళ్ళ నాయన, సాగనంపే రోజు బండల లారీలోనే రెండు గొర్రెలను కూడా ఎక్కించి బిడ్డ వెంట పంపాడు. ఆ పిల్లే నా యారాలు.

మొదటి ఏడు తాండూరు గొర్రెల్లో ఒకటి ఈసుకపోయింది. నెలలు నిండకముందే పిల్ల చచ్చి బయటపడింది. అదే పొద్దు మా మందలో ఇంకో గొర్రె కవలలను ఈనింది, పాలు ఒక్కదానికే సరిపోయేలా ఉన్నాయి. మా అత్తకు ఇట్లాంటి పనుల్లో మంచి చెయ్యి ఉంది. చచ్చిన పిల్లతో పాటు పడిన మావిని తీసి, కవలల్లో ఆడదానికి ఒళ్ళంతా పూసింది. పిల్ల పోయిన గొర్రె దాన్ని వాసన చూసి, తన పిల్లే అనుకుని పాలు చేపింది. అత్త దానిని చూసి మురిసిపోయింది.

మరుసటి ఏడు ఒకదాని వెనుక ఒకటి ఈసుకపోవడం మొదలైంది. అత్త అంత ముద్దుగా పెంచిన ఆ ఆడ గొర్రెపిల్ల తొలిచూలు కూడా పోయింది. విచిత్రం ఏమిటంటే ఏ గొర్రెకూ రోగం కనిపించేది కాదు. మేత మేసేవి, మంద ముందు నడిచేవి.

“గీ పిల్ల కాలు పెట్టినంకనే గిట్లైతుంది. తాండూరోళ్ళు గొర్లు ఇయ్యలే, శని అంటగట్టిండ్రు,” అంది అత్త. అప్పుడు యారాలికి ఏడో నెల. “ఎవ్వతి కాలుతోని వచ్చిందో గామె చేతులే ఎత్తాలె,” అని దొడ్డి పని మొత్తం ఆమెకే అప్పజెప్పింది. చచ్చిన పిల్లలను, నెత్తురు తడిసిన గడ్డిని రోజూ ఆమే గంపకెత్తేది.

మా దిక్కు బాణామతి అనే చేతబడి మాట గొంతు తగ్గించి చెప్పుకుంటారు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, అందరి కళ్ళూ ఆమె మీదనే. ఒకనాడు ఆమె గొర్రె చెవి దగ్గర వంగి ఏదో గొణుగుతుంటే నేను తలుపు చాటున నిలబడి విన్నాను.

“నీకేం నొస్తుందో జర నాకన్న చెప్పరాదే,” అంటోంది దానితో.

అత్త మాత్రం తీర్పు చెప్పేసింది. “ఇంకొక్కటి పోతే తాండూరు బస్సెక్కుడే. కన్నా గాడనే, ఉన్నా గాడనే.”

తెల్లారేసరికి ఇంకొకటి పోయింది. అంతవరకు నోరు మెదపని మా మరిది చచ్చిన పిల్లను, మావిని గోనెసంచిలో వేసుకున్నాడు. “వదినె, నువ్వు రా. నాకు డాక్టర్ల ముందల మాట రాదు,” అన్నాడు.

వికారాబాద్ బస్సులో కండక్టరు ముక్కు చిట్లించాడు. “ఏమమ్మా, సంచిల ఏమున్నది?”

“గొర్రెపిల్ల,” అన్నాడు మరిది.

“దానికీ టికెట్ కొట్టాల్నా?”

“సచ్చిందన్నా.”

మమ్మల్ని వెనక సీటుకు తోలాడు.

పశువుల డాక్టరు సంచి విప్పి చాలాసేపు చూశాడు. బయటి గొర్రెలు వచ్చాయా అని అడిగాడు. నేను తాండూరు గొర్రెల సంగతి, మావి పూసిన సంగతి వరుసగా చెప్పాను. తల ఊపుతూ రాసుకుంటున్నవాడు, “దొడ్డి ఎవరు ఊడుస్తుండ్రు?” అని అడిగాడు.

“నా యారాలు.”

“కడుపుతోని లేదు గద?”

“ఏడో నెల సార్,” అన్నాడు మరిది.

డాక్టరు కలం కింద పెట్టాడు. “ముందుగాల ఆమెను గా దొడ్లకెళ్ళి బయటికి గుంజుండ్రి. గొర్రె కడుపు తీసిన పురుగు మనిషి కడుపును విడువదు.”

ఆ పురుగు సంగతి ఈమధ్యే, పశువుల చదువు చదివే నా మనవరాలు విడమరిచి చెప్పింది. ఒంట్లో కంటికి కనబడనంత చిన్న చిన్న కణాలుంటాయట. పురుగు కణాన్ని తాకగానే తన ప్రొటీన్లను లోపలికి దూర్చి, కణం తనంతట తానే తలుపు తీసేలా చేస్తుందట. లోపల ఒక సంచిలో కూర్చుని, ఆ సంచి పైపొర నిండా తన ప్రొటీన్లనే నాటుకుంటుందట. దాంతో కణం దాన్ని పరాయిదని పట్టుకోలేదు, అరిగించుకోలేదు. పైగా తన తిండే పెడుతుంది. చూలు లేని గొర్రెలో చప్పుడు లేకుండా దాగి, చూలు నిలిచాక మావిలోకి చేరుతుందట. పరాయి పిల్లకు మావి పూసి తల్లిని నమ్మించిన మా అత్తే నా కళ్ళ ముందు మెదిలింది.

ఇంటికి వచ్చి డాక్టరు చెప్పినదంతా చెబితే అత్త మొదట డాక్టరునే అనుమానించింది. “వాడు తాండూరోళ్ళ సుట్టమేమో!” అంది. తరువాత, “సూసినవా, గా గొర్లతోనే వచ్చిందట. నేను చెప్పలే?” అంది.

“మందంతటికీ అంటింది నువ్వు పూసిన మావితోనట,” అన్నాడు మరిది.

అత్త లేచింది. దొడ్డిలోకి పోయి యారాలి చేతిలోని గంప గుంజుకుంది. “పో, సబ్బేసి కడుక్కో. ఈడికి మళ్ళ రాకు.” ఆనాటి నుంచి సున్నం చల్లి పూడ్చడం, ఊడ్వడం అన్నీ తనే. తాండూరు బస్సు మాట మళ్ళీ ఎత్తలేదు. కాని కాన్పు దాకా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అప్పటికే అంటిందో లేదో ఎవరికి తెలుసు? యారాలు కడుపు పట్టుకుని కూర్చుంటే అందరం ఆమె ముఖం చూసేవాళ్ళం. ఆ ముఖం కూడా గొర్రెల ముఖాల్లాగే ఏమీ చెప్పేది కాదు.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. అత్త గడప అవతలే నిలబడి, “ఏడ్చిందా?” అని అడిగింది.

“మస్తు ఏడుస్తుంది. లోపలికి రా అత్తమ్మా, ఎత్తుకుందువు,” అన్నాను.

రాలేదు. రెండు చేతులూ ముందుకు చాచి తిప్పి తిప్పి చూసుకుంది. ఇంతకాలం యారాలి కాళ్ళను ఎట్లా చూసిందో, అట్లాగే.

“ఇంకొక్కపారి కడుక్కొని వస్త,” అని బావి దిక్కు పోయింది.