సారు సమాధి మీద పేడపురుగు

2002లో కళ్యాణదుర్గంలో సమాధి రాళ్లు చెక్కే షాపు పెట్టాను. ముందు స్టెన్సిల్, అంటే అక్షరాలు కత్తిరించిన కాగితం, రాతికి అంటిస్తాం. దాని అంచుల వెంట ఉలి నడుస్తుంది. ఎవరి పేరు చెక్కుతామో వాళ్లు వచ్చి తప్పులు పట్టరు. అందుకే ఈ వృత్తి ఎంచుకున్నాను.

ఆ వేసవిలో కంబదూరు నుంచి సుశీలమ్మ, ఆమె మరిది ఓబులరెడ్డి వచ్చారు. హైస్కూల్లో సోషల్ చెప్పిన ఆమె భర్త పోయి నెల కాలేదు. ఆయన గీసిన బొమ్మ ఒకటి నా ముందు పెట్టింది. పక్షిలాంటి ఈకల రెక్కలు చాచి, తల మీద ఎర్రటి సూర్యుణ్ణి ఎత్తుకున్న పురుగు.

"దీన్నే చెక్కల్ల నాయనా. మా సారు అడిగింది ఇదొక్కటే."

ఓబులరెడ్డి సర్పంచి. ఆయన బొమ్మను తిప్పి చూశాడు. "ఇది పేడపురుగు గదా వదినా. నేను ఊర్లో తిరగాల్నా వద్దా? ఏమప్పా, సింహం చెక్కు."

"సారు సింహాన్ని యాడ చూసినాడన్నా? పేడపురుగునైతే దినామూ చూసింటాడు," అన్నాను. బేరం చెడగొట్టడంలో నాకు మొదటినుంచీ మంచి చేయి.

సుశీలమ్మ ఓపిగ్గా చెప్పింది. పురుగు ఉండను దొర్లించినట్టే సూర్యుణ్ణి ఒక దేవుడు ఆకాశంలో దొర్లిస్తాడని పాత ఈజిప్టు వాళ్ల నమ్మకం. పొద్దున్నే సూర్యుడు లేచినట్టు చచ్చినోళ్లూ లేస్తారని, రాతి పురుగును చెక్కి శవం రొమ్ము మీద పెట్టేవాళ్లు.

"మనకు ఎండకేం కరువు వదినా? వాన తెచ్చే పురుగుంటే చెప్పు."

"ఇంకోటి ఉండాది. పైలోకంలో మన గుండెకాయను తక్కెట్లో తూస్తారంట. అప్పుడది మన తప్పులు చెప్పకుండా ఈ పురుగు ఆపుతాదంట."

ఓబులరెడ్డి బొమ్మను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "సాక్ష్యం చెప్పదా?"

"చెప్పదంట."

"చెక్కప్పా. మా అన్న ఆశ పడినాడు గదా." గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "ఇంకోటి చిన్నది చెక్కి పెట్టు. నాకు పనికొస్తాది."

రెక్కలకు స్టెన్సిల్ పనికిరాలేదు. ఒక్కో ఈకా చేత్తో గీసి చెక్కాను. ఓంకారాలు, దీపాలే కాక నా ఉలికి ఇంకోటీ వచ్చని అప్పుడే తెలిసింది.

చేనులో రాయి నిలబెట్టిన రోజు సుశీలమ్మ పురుగు వీపు నిమిరింది. "మా సారు దాచుకోవాల్సిన తప్పులేం చేయలేదు నాయనా. పాపం, దీనికి పనే ఉండదు."

అప్పటిదాకా పోయినవాళ్ల పేరు, తేదీ మాత్రమే అడిగేవాణ్ణి. అప్పటినుంచి పేరు, తేదీ రాసుకునే ముందు "ఎట్లాంటి మనిషమ్మా?" అని అడుగుతున్నాను. ఆ ప్రశ్న నాకిచ్చింది ఆమే. నాకు పని నేర్పినవాళ్లలో ఆమెనే ముందు తలుచుకుంటాను.